మూడో ఎనిమిదో తేలని బండి

పదిహేనేళ్ళు నిండిన మోటారు సైకిలుకు రోడ్డు మీద తిరిగే హక్కును మరో ఐదేళ్ళు పొడిగించుకోవాలంటే, అది పరుగెత్తగలదని నిరూపించడానికి ముందు అది ఆ బండేనని నిరూపించాలి. ఇందుకోసం ప్రభుత్వ వ్యవహారంలో పెన్సిల్ ముద్ర అనే ప్రక్రియ ఒకటి స్థిరపడింది. హ్యాండిల్ కింద, ముందు ఫోర్కు దూరే మెడ గొట్టం మీద కంపెనీవారు గుద్దిన ఛాసిస్ నంబరుపై పలుచని కాగితం ఆనించి, పెన్సిల్ ములుకును పక్కవాటుగా రుద్దితే నల్లటి చారలో అంకెలు తెల్లగా తేలాలి. విశాఖపట్నంలో తేలవు. గరుకు కాగితం, కిరసనాయిలు, పళ్ళు తోమి పారేసిన బ్రష్షు వరసగా ప్రయోగించి, హ్యాండిల్ ఒక పక్కకు విరిచి, వైర్ల గుత్తిని మరో చేత్తో ఎత్తి పట్టి ఎన్ని రోజులు రుద్దినా, మూడు ఎనిమిదిలా కనిపిస్తుంది, ఆరు కూడా ఎనిమిదిలాగే కనిపిస్తుంది, బి అనే ఇంగ్లీషు అక్షరమైతే ఏ సంకోచమూ లేకుండా ఎనిమిదైపోతుంది. కాగితం మీద ఎనిమిదులు, ఆర్సీ పుస్తకంలో మరేవో అంకెలు ఉన్న బండి, ఎదురుగా స్టార్టు చేసి చూపించినా సరే, లేని బండి కిందే జమ.

మోటారు వాహనాల చట్టం, 1988 ప్రకారం సొంత వాడకపు బండి రిజిస్ట్రేషను పదిహేనేళ్ళు చెల్లుతుంది, ఆ తరువాత ఐదేసేళ్ళ చొప్పున పొడిగించుకోవాలి. ద్విచక్ర వాహనానికి ఈ పొడిగింపు రుసుము 2022 ఏప్రిల్‌లో 300 రూపాయల నుంచి 1,000కి చేరగా, ఇరవై ఏళ్ళు దాటిన బళ్ళకు 2025 ఆగస్టులో 2,000 అయింది. వయసు మళ్ళిన మనిషికి అక్కడో రాయితీ ఇక్కడో రాయితీ ఇచ్చే రాజ్యం (రైలు టికెట్టు సంగతి ఇక్కడ ఎత్తకపోవడం మర్యాద) వయసు మళ్ళిన బండి దగ్గర మాత్రం ముసలితనాన్ని నేరంగా పరిగణించి, ఏటికేడూ జరిమానా పెంచుతున్నట్టు కనిపిస్తుంది.

బండిలో ఇంత ఇనుముండగా తుప్పు సరిగ్గా నంబరునే పట్టడానికి శాస్త్రీయ కారణం లేకపోలేదు. అచ్చు గుద్దినచోట లోహానికి పదునైన అంచులు ఏర్పడతాయి, పదునైన అంచు మీద రంగు ఎప్పుడూ పలుచగానే నిలుస్తుంది, అంకెల గాళ్ళలో నీరూ మురికీ తీరుబడిగా కూర్చుంటాయి. సముద్రపు గాలి మోసుకొచ్చిన ఉప్పు అక్కడ చేరిందంటే, గాలిలో తేమ ఇంచుమించు 75 శాతం దాటగానే ఆ ఉప్పు తనంత తానే తేమను పీల్చుకుని కరుగుతుంది గనుక, వాన పడకపోయినా, బండి కడగకపోయినా, సెల్లారులో కవరు కప్పుకుని పడుకున్నా, ఆ ఇనుము తడిలో ఉన్నట్టే లెక్క. ఉప్పునీటిలోని క్లోరైడు తుప్పు పట్టే చర్యను వేగిరపరుస్తుంది. పుట్టిన తుప్పు అసలు ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమించి, పైనున్న రంగును పొక్కులా లేపి, లోపలికి మరింత తేమకు దారి ఇస్తుంది. ఓడరేవుకు దగ్గరగా, జ్ఞానాపురం, వన్ టౌన్ వైపు కాపురముండే బళ్ళకు దీనిపై బొగ్గు ధూళి అదనం. వానాకాలానికి ముందు బండి అడుగు భాగానికి వాడేసిన ఇంజన్ ఆయిలు కొట్టించడం ఇక్కడ చిరకాలంగా చెప్పుకునే విరుగుడు. ఆయిలు తుప్పును ఆపుతుంది, ధూళిని పోగుచేస్తుంది, ప్యాంటును పాడుచేస్తుంది. ఈ మూడింటిలో మొదటిది ఒక్కటే అనుమానాస్పదం.

ఈ తుప్పుకు ఘనమైన వంశచరిత్ర ఉన్న విషయం రవాణా శాఖ దరఖాస్తులో రాయడానికి గడి లేదు గనుక ఇక్కడ రాయవలసి వస్తున్నది. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా కొండల ఇనుప ఖనిజాన్ని జపానుకు అమ్మడానికి 1960లో ఒప్పందం కుదిరింది. దాని ఫలితంగా కొత్తవలస నుంచి కిరండూల్ వరకు, జనం కేకే లైను అని పిలిచే రైలుమార్గాన్ని ఆ దశాబ్దంలోనే తూర్పు కనుమలను సొరంగాలతో తొలిచి వేశారు. ఇవాళ అద్దాల పెట్టెలో అరకు వెళుతూ సొరంగం వచ్చినప్పుడల్లా కేకలు వేసే కుర్రకారు కోసం కాదు, విశాఖ రేవుకు దిగే ఖనిజం కోసమే ఆ దారి పుట్టింది. ఓడలు పెద్దవై లోపలి రేవులో పట్టకపోయేసరికి 1976 నాటికి సముద్రంలోకి గోడలు కట్టి ఔటర్ హార్బర్ సిద్ధం చేశారు. ఖనిజం జపాను వెళ్ళింది, ఉక్కయింది. 1984లో అదే జపానుకు చెందిన హోండా సంస్థ హీరోతో పొత్తు కలిపింది, 1985లో హర్యానాలోని ధారూహేడా నుంచి సీడీ 100, 1994లో స్ప్లెండర్ వచ్చాయి, ఆ రెండూ వాయిదాల పద్ధతి మీద విశాఖలోని గాజువాక దాకా వచ్చాయి. మన కొండల ఇనుము బంగాళాఖాతం దాటి వెళ్ళి, ఏ యంత్రంలోనో, ఏ అచ్చులోనో చేరి, తిరిగి మన వాకిట్లో స్టాండు వేసుకుని నిలబడిందని వాదిస్తే కాదనడానికి ఎవరి దగ్గరా ఆధారం లేదు. పైగా బైలదిల్లా ఖనిజం హెమటైట్, అంటే ఐరన్ ఆక్సైడు. తుప్పు కూడా నీటిని కలుపుకున్న ఐరన్ ఆక్సైడే. కాబట్టి విశాఖలో బండి పాడైపోతున్నదనడం అపచారం, అది ఇన్నేళ్ళ కాపురం తరువాత పుట్టింటికి చేరుకుంటున్నది. ఈ సిద్ధాంతాన్ని ఒక యజమాని సవిస్తరంగా వినిపించగా, బండి కింద పడుకుని ఉన్న మేస్త్రీ, "అయితే పెట్రోలు ట్యాంకు ముందే పోనాది బాబూ, అడుగున కారతంది చూడండి" అని మాత్రమే అన్నాడు.

ఇంతకీ ఊళ్ళోనే ఉక్కు కర్మాగారం ఉండగా ఈ గతి ఏమిటన్నది బయటి ఊరి బంధువులు తప్పకుండా వేసే ప్రశ్న. 1971లో శంకుస్థాపన జరిగి 1992లో జాతికి అంకితమైన ఆ కర్మాగారం చేసేది పొడవు సరుకు, అంటే కడ్డీలు, తీగ చుట్టలు, యాంగిళ్ళు. మడ్‌గార్డుకూ ట్యాంకుకూ కావలసిన రేకు అక్కడ తీయరు. అందువల్ల స్థానిక ఉక్కు అపార్టుమెంటు స్తంభాల్లో సిమెంటు కప్పుకుని నిక్షేపంగా ఉంటుంది, పరాయి ఉక్కు ఆ స్తంభానికి ఆనుకుని తుప్పు పడుతుంది.

ఎక్కువ తిరిగిన బండి అనే మాటకు ఈ ఊళ్ళో కచ్చితమైన అర్థం చెప్పడం తేలిక. నగరం నుంచి స్టీల్‌ప్లాంటుకు రానూపోనూ రోజుకు నలభై కిలోమీటర్లు వేసుకుంటే, ఏ షిఫ్టు, బీ షిఫ్టు, సీ షిఫ్టు మారుతూ నెలకు పాతిక రోజులు తిరిగినా ఏడాదికి 12,000, అంటే ఎనిమిదిన్నరేళ్ళు తిరక్కుండా లక్ష. పాత బళ్ళ మీటరులో కిలోమీటర్లకు ఐదు గళ్ళే ఉంటాయి గనుక లక్ష నిండగానే అది సున్నాలు చూపిస్తూ, నిన్ననే షోరూము దిగినట్టు అమాయకంగా మొహం పెడుతుంది. రెండో లక్షలో ఎప్పుడో మీటరు కేబులు తెగుతుంది, యజమాని దాన్ని వేయించడు, అక్కడితో బండికి వయసు పెరగడం ఆగిపోతుంది. వయసు ఆగినా ఖర్చు ఆగదు. చైన్ స్ప్రాకెట్ సెట్టు మార్చిన వారానికి క్లచ్ ప్లేట్లు జారుతాయి, ప్లేట్లు వేయించిన నెలకు సైలెన్సర్ తెల్లపొగ వదులుతుంది, అప్పుడు బోరు చేయించక తప్పదు. అరిగిన సిలిండరు లోపలి గోడను లేత్ మీద కాస్త వెడల్పు చేసి, పావు మిల్లీమీటరు పెద్ద పిస్టను వేయడాన్ని బోరు చేయించడం అంటారు. గాజువాక ఆటోనగర్‌లో ఈ పనికి బండి కంటే యజమాని ఎక్కువసేపు నిలబడాలి. ఇలా నాలుగు పావులు పూర్తయ్యాక సిలిండరు గోడకు కోత పెట్టడానికి ఏమీ మిగలదు, స్లీవు వేయించాలి. ఈ ఖర్చంతా కూడితే బండి విలువను ఎప్పుడో దాటిపోయిన మొత్తం కనబడుతుంది గనుక తెలివైనవాడు కూడడు. ఎక్స్ఛేంజిలో ఇస్తామన్న ధర విన్నవాడు మాత్రం ఆ రాత్రి సరిగా నిద్రపోడు, ఎందుకంటే మొన్న వేయించిన రెండు టైర్ల ఖరీదుకూ దానికీ పెద్ద తేడా ఉండదు. వీటన్నిటికంటే విసిగించేది పక్కింటాయన రోజూ గేటు దగ్గర "ఇంకా ఈ బండేనా?" అని అడగడం. తన కారు వాయిదాలు ఇంకా ఎన్ని మిగిలాయో ఆయన ఒక్కనాడూ చెప్పడు.

ఇంత పోరులో నిజంగా అరిగిపోతున్నది బండి కాదనే అనుమానం మేస్త్రీ షెడ్డులో కాసేపు కూర్చుంటే కలుగుతుంది. 2020 ఏప్రిల్‌లో బీఎస్ 6 నిబంధనలు అమలయ్యాక చాలా కొత్త బళ్ళలో కార్బొరేటర్ పోయి, పెట్రోలును కంప్యూటరు కొలిచి చిమ్మే పద్ధతి వచ్చింది. కొత్తగా పని నేర్చుకునే కుర్రవాడు స్కానరు తగిలించి తెర మీద తప్పు చదువుతాడు, అతనికి కార్బొరేటర్ నేర్పడానికి ఓపికున్నవారూ లేరు, నేర్చుకోవలసిన అవసరం అతనికీ లేదు. పాత మేస్త్రీ మాత్రం స్క్రూడ్రైవరు మొనను ఇంజను మీదా పిడిని చెవికీ ఆనించి టైమింగ్ చైన్ మొర వింటాడు. కార్బొరేటర్ విప్పి, జెట్టు అనే చిన్న ఇత్తడి మరను, అంటే పెట్రోలు బొట్టు బొట్టుగా పోవడానికి సూది మొనంత రంధ్రం ఉన్నదాన్ని, నోటితో ఊది, ఆకాశం వైపు ఎత్తి, ఒక కన్ను మూసి చూస్తాడు. ఈ మధ్య మూయని కన్ను కూడా సహకరించడం మానేసినట్టుంది. పెట్రోలు వాసన వేసే ఆ మరను యజమాని చేతికిచ్చి, "వెలుగు అగుపడతందా బాబూ?" అని అడిగాడు. రంధ్రంలో వెలుగున్నదో లేదో చెప్పడానికి ఆ యజమాని కూడా తన కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకోవలసి వచ్చింది. నిజానికి అగుపడలేదు. మరోసారి ఊది, సన్నని రాగి తీగ దూర్చి, మళ్ళీ ఎత్తి చూస్తే అగుపడింది.

కంటి డాక్టరు దగ్గరకు తీసుకెళతానని యజమాని మొహమాటపడుతూ అంటే, ఇంజను పని చెవులతో చేస్తానని, జెట్టు చూడడానికి ఎలాగూ కస్టమరు పక్కనే ఉంటాడు కదా అని మేస్త్రీ కొట్టిపారేశాడు. జెట్టు చూసిపెట్టినందుకు కూలిలో తగ్గింపేమైనా ఉందా అన్న ప్రశ్నకు, తీగ దూర్చినందుకు వేరే పడుతుందని జవాబు వచ్చింది.