ఎమ్యులేటర్ పద్యానికి టీకా తాత్పర్యం

మూలం (ఆటవెలది)

జెండ లేచియున్న చింతేల మనకింక
నింటి యంత్రమునకె యిమ్ము పనిని
జెండ లేనివేళ చేతిలెక్కయె గతి
వేషధారి యంత్ర విధము లివియె

అవతారిక

ఒక జాతి ప్రాసెసర్ కోసం రాసిన ప్రోగ్రామును మరో జాతి ప్రాసెసర్ మీద ఆడించే సాఫ్ట్‌వేరే ఎమ్యులేటర్. ఫాబ్రిస్ బెలార్డ్ 2003లో బయటపెట్టిన క్యూఎము ఈ కోవలో ప్రసిద్ధం. ఫ్లోటింగ్ పాయింట్ లెక్కలు వచ్చేసరికి అది ఏళ్ల తరబడి తాను నడిచే హోస్ట్ చిప్పును నమ్మలేదు. జాన్ హాజర్ రాసిన సాఫ్ట్‌ఫ్లోట్‌ను ఆధారం చేసుకుని, ప్రతి కూడికనూ పూర్ణాంకాలతో బిట్లు జరిపి జరిపి తేల్చేది. జవాబు నిక్కచ్చి, నడక మహా నిదానం. 2019 నాటి 4.0 వెర్షన్‌లో దీనికో అడ్డదారి దొరికింది. కవి పట్టుకున్నది ఆ దారినే.

ప్రతిపదార్థం

జెండ = ‘ఇనెగ్జాక్ట్’ అనెడి స్టేటస్ ఫ్లాగు; లేచియున్నన్ = ఇదివరకే 1 అయి కూర్చున్నచో; మనకున్ = ఎమ్యులేటర్లమగు మనకు; ఇంకన్ = ఆపైన; చింత ఏల = దిగులెందుకు?; ఇంటి యంత్రమునకె = హోస్ట్ ప్రాసెసర్‌కే; పనిని = కూడిక, తీసివేత, గుణకారము, భాగహారము, వర్గమూలము అను పనిని; ఇమ్ము = అప్పగింపుము; జెండ లేనివేళన్ = ఆ ఫ్లాగు 0గా ఉన్నప్పుడు; చేతిలెక్కయె = సాఫ్ట్‌ఫ్లోటే; గతి = దిక్కు; వేషధారి యంత్ర విధములు = ఎమ్యులేటర్ల పద్ధతులు; ఇవియె = ఇంతే.

‘జెండ’ను ఆగస్టు 15న ఎగరేసేదిగా, ‘ఇంటి యంత్రము’ను మిక్సీగా చెప్పేవారు రేపు పుట్టకపోరు. మొదటి అర్థం కొంత నయం. అయితే ఆ జెండాను సాయంత్రానికి దించుతారు. ఈ జెండా ప్రోగ్రాము తానుగా దించేదాకా దిగదు. పద్యానికి ప్రాణం అక్కడే ఉంది.

తాత్పర్యం

విలియం కహాన్ ప్రధాన శిల్పిగా 1985లో వెలువడిన ఐఈఈఈ 754 ప్రమాణం ఐదు ఎక్సెప్షన్లను చెప్పింది: చెల్లని క్రియ, సున్నాతో భాగహారం, ఓవర్‌ఫ్లో, అండర్‌ఫ్లో, ఇనెగ్జాక్ట్. వీటిలో ఏది జరిగినా, వేరే ఏర్పాటు లేకుంటే, లెక్క ఆగదు. ఏదో ఒక జవాబిచ్చి, జెండా ఎత్తి, ముందుకు సాగుతుంది. 0.1కి 0.2 కలిపి చూడండి. బైనరీలో జవాబు సరిగ్గా ఇమడదు, కొస తెగుతుంది, ఇనెగ్జాక్ట్ లేస్తుంది. 1కి 1 కలిపితే లేవదు. కానీ 1కి 1 మాత్రమే కలుపుతూ బతికే ప్రోగ్రాము ఏది? నాలుగు లెక్కలు నడిచేలోపే జెండా లేచిపోతుంది. లేచాక వెయ్యిసార్లు కొస తెగినా చేరే కొత్త సమాచారం సున్నా. హోస్ట్ చిప్పులోని జెండాలను ప్రతిసారీ తుడిచి, చదివి, పోల్చడమే అసలు ఖర్చు. తెలిసిన సంగతి కోసం ఆ ఖర్చు ఎందుకని మానేశారు. బద్ధకాన్ని ఇంత ధర్మబద్ధంగా నిరూపించిన సందర్భం నాకు మరొకటి తగల్లేదు.

విశేషాలు

మిగిలిన నాలుగింటి మాటేమిటని శంక. అవి అంకెల ముఖం చూస్తేనే తెలుస్తాయి. లోపలికి వచ్చేవి మామూలు సంఖ్యలో, సున్నాలో అయితేనే పని హోస్ట్‌కు పోతుంది. భాజకం సున్నా అయితే పోదు. జవాబు అనంతమైతే ఓవర్‌ఫ్లో జెండాను ఎమ్యులేటరే ఎత్తుతుంది. జవాబు మరీ చిన్నదైతే లెక్క మళ్లీ మొదటికి, సాఫ్ట్‌ఫ్లోట్‌కు. గుండ్రం చేసే పద్ధతి కూడా ‘దగ్గరి సంఖ్యకు, సగమైతే సరిసంఖ్యకు’ అన్నదై ఉండాలి. ఈ షరతులు కవి చెప్పలేదు. ఆటవెలదిలో చోటు చాలక కాదు, పద్యం బాగుండాలని వదిలేశాడనే నా అనుమానం.

చిన్న జవాబుల దగ్గర మరో పేచీ ఉంది. ‘మరీ చిన్నది’ అని తేల్చడం గుండ్రం చేయక ముందా, చేశాకా? ప్రమాణం రెంటికీ సరే అంది. ఆర్మ్ ముందు చూస్తుంది, ఇంటెల్ తర్వాత. సున్నాను సున్నాతో భాగిస్తే ఇంటెల్ ఇచ్చే ‘నాన్’ (సంఖ్య కానిది) సైన్ బిట్ 1, ఆర్మ్ ఇచ్చేదానికి 0. వేషం కట్టాక ఈ తిలకం తేడా కూడా దిద్దాల్సిందే.

పాత ఇంటెల్ ఎక్స్87 ఫ్లోటింగ్ పాయింట్ యూనిట్ సంగతి మరీ విడ్డూరం. తప్పు జరిగితే లెక్క ఆపే ట్రాప్ తెరిచి ఉంచితే, తప్పు చేసిన ఇన్‌స్ట్రక్షన్ హాయిగా వెళ్లిపోతుంది. ఫిర్యాదు తర్వాతి ఫ్లోటింగ్ పాయింట్ ఇన్‌స్ట్రక్షన్ దగ్గర పేలుతుంది. ఐబీఎం పీసీ ఏటీలో ఆ ఫిర్యాదు ఐఆర్‌క్యూ 13 అనే హార్డ్‌వేర్ ఇంటరప్ట్ మీదుగా తిరిగి వచ్చేది. నాటి ప్రోగ్రాములు దాన్నే నమ్ముకున్నాయి కనుక ఎమ్యులేటర్ ఆ చుట్టుదారినీ నటించాలి.

ఇక పవర్‌పీసీ. ఎప్పుడో కొస తెగిందా అనడంతో దానికి తృప్తి లేదు. ఇప్పుడు నడిచిన ఈ ఒక్క ఇన్‌స్ట్రక్షన్‌లో తెగిందా అని చెప్పే బిట్టు దాని స్టేటస్ రిజిస్టర్‌లో విడిగా ఉంది. అందుచేత దాని వేషంలో ఉన్న క్యూఎము ప్రతి లెక్కకూ ముందు జెండాలు దించుకుంటుంది, కనుక మొదటి రెండు పాదాలు దానికి వర్తించవు. మూడో పాదమే దిక్కు.