నష్టం లేదు, పరిహారం తీసుకోండి

సముద్రంలో చమురు, గ్యాస్ తవ్వితే మత్స్యకారుడికి ఏ నష్టమూ ఉండదట. కంపెనీ ఆ మాటే అంటుంది, మంత్రిగారూ అదే అంటారు. కంపెనీ సొమ్ముతో పర్యావరణ నివేదిక తయారుచేసిన కన్సల్టెంటు గారైతే బైండింగు చేయించి మరీ అంటారు. ఇంతమంది పెద్దలు చెప్పాక నమ్మకపోతే మర్యాదగా ఉండదు. నమ్మేద్దాం. ఒక్క చిక్కు మాత్రం మిగిలిపోతోంది. ఓఎన్‌జీసీ పైపులైన్ పనుల వల్ల వేట పోయిందని కోనసీమ, కాకినాడ జిల్లాల మత్స్యకార కుటుంబాలకు నెలకు 11,500 రూపాయల చొప్పున ఇచ్చారు. చాటుమాటుగా ఇవ్వలేదు. ఫ్లెక్సీలు కట్టి, బటన్ నొక్కి ఇచ్చారు. సొమ్మొకరిది సోకొకరిది అన్నట్టు డబ్బు కంపెనీది, బొమ్మ ప్రభుత్వానిది. అది వాళ్లలో వాళ్ల సర్దుబాటు, మనకెందుకు. నా అనుమానమల్లా ఒక్కటే: లేని నష్టానికి పరిహారం లెక్క ఎలా కట్టారు?

లెక్క కట్టారంటే నష్టం ఉన్నట్టు. నష్టం ఉంటే నివేదిక తప్పు. నివేదిక తప్పయితే దాన్ని చూసి ఇచ్చిన అనుమతీ తప్పే. ఇలా ఒక్కో మెట్టూ ఎక్కుతూ పోతే ఢిల్లీ దాకా పోవాలి. అంత దూరం ఎవరు పోతారు? అందుకని పెద్దలు మొదటి మెట్టు దగ్గరే తాళం వేశారు. నష్టం ఉండదు, పరిహారం ఉంటుంది. రెండు మాటలూ ఒకే వేదిక మీద, ఒకే గొంతుతో, నవ్వకుండా చెప్పాలంటే మామూలు సాధన చాలదు.

పరిహారం కూడా ఎంత నెమ్మదైన జీవో చూడండి. గుజరాత్ ప్రభుత్వ సంస్థ జీఎస్‌పీసీ మన తీరం ఎదుట తవ్వకాలు జరిపినప్పుడు 2012లో పోయిన వేటకు బాకీపడ్డ పరిహారం, 2019 నవంబరులో ముమ్మిడివరం దగ్గర సభ పెట్టి పంచారు. ఏడేళ్లు. ఈలోగా వలలు మారాయి, ఇంజన్లు మారాయి, అప్పులిచ్చిన షావుకార్లు మారారు, ప్రభుత్వాలు మారాయి, ఆఖరికి ఆ క్షేత్రం యజమాని కూడా మారిపోయాడు. వడ్డీ ఊసు ఎవరూ ఎత్తినట్టు లేదు. బ్యాంకు వాళ్లు మాత్రం పడవ రుణం మీద ఏడేళ్లు ఆగరు.

ఇంకో మాట. కుటుంబానికి నెలకు ఇంత అని కట్టేటప్పుడు, ఒడ్డున చేప కొనుక్కుని తట్ట నెత్తిన పెట్టుకుని ఊళ్లమ్మట అమ్ముకునే ఆడవాళ్ల నష్టం ఏ గడిలో రాస్తారు? ఇసకలో చేపలు ఎండబెట్టుకునే ముసలమ్మ సంగతి? ఐసు కొట్టేవాడు, వల అల్లేవాడు, రేవులో టీ కొట్టు పెట్టుకున్నవాడు? ఆ ఫారాలకు అన్ని గడులు ఉండవు.

ఇక దూరం వాదన. ఇది చాలా ముచ్చటైన వాదన. ఓఎన్‌జీసీ 2024 జనవరి 7న కృష్ణా-గోదావరి (కేజీ) బేసిన్‌లోని కేజీ-డీడబ్ల్యూఎన్-98/2 బ్లాకు నుంచి మొదటిసారి చమురు తీసింది. అది కాకినాడ తీరానికి 35 కిలోమీటర్ల దూరం. ముప్పై అయిదు కిలోమీటర్లంటే మాటలా, ఒడ్డునున్నవాళ్లకు దానితో సంబంధమేమిటి అని అడుగుతారు. సంబంధం ఏమిటో అమెరికాలోని లూసియానా జాలర్లను అడగాలి. 2010 ఏప్రిల్ 20న గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో డీప్‌వాటర్ హొరైజన్ రిగ్గు పేలింది. పదకొండు మంది పోయారు. బావి నోరు మూయడానికి 87 రోజులు పట్టింది. అది ఒడ్డుకు 66 కిలోమీటర్ల దూరం. మన బావి కంటే దాదాపు రెట్టింపు దూరంలో ఉండి కూడా ఆ నూనె ఒడ్డు దారి తెలుసుకుని నేరుగా వచ్చేసింది. కిలోమీటరు రాళ్లు చూసుకుని ఆగిపోయే చమురు ఇంకా పుట్టలేదు.

ఆ బావి బీపీ వారిది. సముద్రం పాడుచేశాక ఆ కంపెనీ ఏ హిమాలయాలకో పోయి తపస్సు చేసుకుందనుకునేరు. పది నెలలు తిరిగేసరికి, 2011 ఫిబ్రవరిలో, మన కాకినాడ ఎదుటి కేజీ-డీ6తో సహా రిలయన్స్ బ్లాకుల్లో 30 శాతం వాటాకు 7.2 బిలియన్ డాలర్లకు ఒప్పందం చేసుకుంది. లోతు సముద్రంలో దానికి చాలా అనుభవం ఉందని మనవాళ్లు మురిసిపోయారు. అనుభవం ఉన్నమాట నిజమే, ప్రపంచమంతా టీవీలో చూసింది.

అసలు గ్యాస్ సముద్రంలోనే ఉండిపోతే ఈ గొడవే లేదు. అది ఒడ్డుకు రావాలి. గాడిమొగ దగ్గర ఒక టెర్మినల్, ఓడలరేవు దగ్గర మరొకటి, మల్లవరం దగ్గర ఇంకొకటి. కోరింగ మడ అడవుల చుట్టుపక్కల, రొయ్యల చెరువుల పక్కన, కొబ్బరితోటల కింద పైపులు. కాకినాడ నుంచి గుజరాత్‌లోని భరూచ్ దాకా దాదాపు 1,400 కిలోమీటర్ల లైను వేయడానికి ఎవరికీ దూరం అడ్డం రాలేదు. తీరం ఊళ్లవాళ్లు తమకేమిటని అడిగినప్పుడే సముద్రం చాలా దూరమైపోతుంది. రాయల్టీ మాటకొస్తే తీరం గీత దాటిన బావి కేంద్రానిది, రాష్ట్రం ఎంత అరిచినా గీత గీతే. మంట అంటుకుంటే మాత్రం ఏ గీతా లేదు.

మంట అన్నాను కదా. కోనసీమలో బ్లోఅవుట్ అంటే ఏమిటో చంటిపిల్లలకు కూడా వివరించక్కర్లేదు. 1995 జనవరి 8న పాశర్లపూడిలో అంటుకున్న ఓఎన్‌జీసీ బావి 65 రోజులు మండింది. రాత్రి పగలుగా మారిపోయింది, ఊళ్లు ఖాళీ అయ్యాయి, ఆర్పడానికి విదేశాల నుంచి నిపుణులు దిగారు. పాశర్లపూడి ఉన్న మామిడికుదురు మండలంలోనే నగరం అనే ఊళ్లో 2014 జూన్ 27 తెల్లవారుజామున గెయిల్ పైపులైన్ పేలింది. నిద్రలో ఉన్నవాళ్లు, పొయ్యి వెలిగించబోయినవాళ్లు, ఇరవై మందికి పైగా కాలిపోయారు. పొడి గ్యాస్ కోసం వేసిన లైన్లో తడి గ్యాస్ పంపారని, దానివల్ల పైపు లోపల తుప్పు తినేసిందని విచారణలో తేలింది. లీకవుతోందని ఊరివాళ్లు ముందే మొత్తుకున్నారు. నిపుణులకు యంత్రాలుంటాయి, ఊరివాళ్లకు ముక్కులే ఉంటాయి. ముక్కుతో ఇచ్చిన ఫిర్యాదును ఏ ఫైలులో పెట్టాలో తెలియక పక్కన పెట్టినట్టున్నారు. మళ్లీ 2026 జనవరిలో మలికిపురం మండలం ఇరుసుమండలో బావి అంటుకుంది, మళ్లీ ఊళ్లు ఖాళీ.

ఇవన్నీ నేల మీద జరిగినవి, సముద్రంలో అలా జరగదు అంటారు. మంచిది. నేల మీద, కళ్లెదుట, రోడ్డు పక్కన ఉన్న పైపు సంగతే చూసుకోలేనివాళ్లు నీటి అడుగున కంటికి కనబడని పైపును కంటికి రెప్పలా కాస్తారని నమ్మమంటున్నారు. నమ్మకానికి ఇంతకంటే పెద్ద పరీక్ష ఏ దేవుడూ పెట్టలేదు.

సరే, ఈ అనుమానాలన్నీ చెప్పుకోవడానికి ఒక చోటుంది కదా, ప్రజాభిప్రాయ సేకరణ. 2006 పర్యావరణ నోటిఫికేషన్‌లో దాని విధివిధానాలన్నీ ఉన్నాయి. చదువుతుంటే ముచ్చటేస్తుంది. ముప్పై రోజుల ముందు పత్రికల్లో ప్రకటన వేయాలి. నివేదిక సారాంశం స్థానిక భాషలో ఇవ్వాలి. సారాంశం అంటే అర్థమైంది కదా, లావుపాటి ఇంగ్లీషు పుస్తకం కంపెనీ వారికి, పల్చటి తెలుగు పుస్తకం మనకు. అధ్యక్షత కలెక్టరు గారిది లేదా వారి ప్రతినిధిది. సభంతా వీడియో తీయాలి. సభ మొదలుపెట్టడానికి కోరం అక్కర్లేదని కూడా స్పష్టంగా రాశారు. అంటే ప్రజలు లేకపోయినా ప్రజాభిప్రాయం సేకరించవచ్చు. ప్రపంచంలో ఇంత ఉదారమైన ప్రజాస్వామ్యం ఇంకెక్కడా ఉండదేమో.

సభ ఎలా జరుగుతుందో తీరం వెంబడి ఎవరినడిగినా చెబుతారు. ముందు వరసలో పోలీసులు, తర్వాతి వరసల్లో ఎక్కడినుంచో బస్సులో వచ్చినవాళ్లు, వెనక షామియానా నీడ అందనిచోట వేటకు పోయేవాళ్లు. ప్రాజెక్టు రావాలి, ఉద్యోగాలు రావాలి అని చిట్టీ చూసి చదివేవాళ్లకు మైకు తీరిగ్గా దొరుకుతుంది. తాతల కాలం నుంచి ఆ నీళ్ల మీదే బతికేవాడు నోరు తెరిచేసరికి సమయం మించిపోతోంది, క్లుప్తంగా చెప్పండి అంటారు. కంపెనీ ప్రతినిధి లేచి స్కూలుకు బెంచీలు, ఊరికి మంచినీళ్ల ప్లాంటు ప్రకటిస్తారు. అడిగింది చేప గురించి, వచ్చిన జవాబు బెంచీ గురించి. ఆ రోజు సభ నడిపే కమిటీ ఏ నిర్ణయమూ తీసుకోదు, అది దాని పని కాదు. అభిప్రాయాలు రాసుకుని పైకి పంపడమే దాని పని. పైన వాటినేం చేస్తారో పైవారికే ఎరుక.

ఈ తంతు కూడా మరీ బరువనిపించినట్టుంది. 2020 జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ చమురు, గ్యాస్ అన్వేషణను, నేల మీదైనా సముద్రంలోనైనా, ‘ఎ’ కేటగిరీ నుంచి ‘బి2’లోకి మార్చేసింది. బి2 అంటే పర్యావరణ ప్రభావ నివేదికా అక్కర్లేదు, ప్రజాభిప్రాయ సేకరణా అక్కర్లేదు. అన్వేషణ బావి తవ్వుకోవచ్చు. గ్యాస్ పడి ఉత్పత్తికి వెళ్లేటప్పుడు మాత్రం జనాన్ని అడుగుతారు. ముందు తాళి కట్టేసి, కాపురానికి తీసుకెళ్లేటప్పుడు పిల్లకు ఇష్టమేనా అని కనుక్కున్నట్టు. బ్లోఅవుట్‌కు ఈ కేటగిరీల సంగతి తెలియదు, అన్వేషణ బావిలోనూ వచ్చేయగలదు. డీప్‌వాటర్ హొరైజన్ తవ్విన మకోండో కూడా అన్వేషణ బావే.

చేపల పట్ల ప్రభుత్వానికి దయ లేదనడానికి మాత్రం వీల్లేదు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు తూర్పు తీరంలో వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం, ఇంజన్ పడవలు తిరిగితే వాటికి ఇబ్బంది. మత్స్యకారులు కూడా చాలామటుకు ఒప్పుకుంటారు, వాళ్లకు తెలియనిదా. ఆ రెండు నెలల పస్తుకు కుటుంబానికి 20 వేల రూపాయల భృతి. ఇదే 61 రోజులు రిగ్గుకు సెలవుందా? లేదు. సర్వే ఓడలకు? లేదు. సముద్రగర్భం లోపల ఏముందో వినడానికి గాలి తుపాకులు పేల్చుకుంటూ పోయే సర్వే చప్పుడు చేపకు జోలపాటలా ఉంటుందని, ఫైబర్ పడవ ఇంజన్ చప్పుడు మాత్రం గర్భస్రావం చేయిస్తుందని ఏ శాస్త్రంలో ఉందో తెలిస్తే బాగుండు. పైగా రిగ్గు చుట్టూ 500 మీటర్ల లోపలికి పడవ రాకూడదు. రిగ్గు కాళ్ల చుట్టూ చేపలు గుంపుగా చేరతాయని కంపెనీలవాళ్లే గొప్పగా చెబుతారు. అదీ నిజమే. చేప అక్కడుంటుంది, వల అక్కడికి పోకూడదు.

దేశ ప్రయోజనం మాటేమిటి అని అడిగేవాళ్లున్నారు. అడగాల్సిన ప్రశ్నే. మనం వాడే ముడిచమురులో 85 శాతానికి పైగా దిగుమతి చేసుకుంటున్నాం, కోనసీమలోనూ గ్యాస్ పొయ్యి మీదే అన్నం ఉడుకుతోంది, నా పొయ్యీ అదే. తవ్వొద్దని నేననను. కానీ దేశ ప్రయోజనం పేరు చెప్పి జనం నోరు మూయించేవాళ్ల లెక్కలు ఒకసారి చూడండి. 2005 జూన్‌లో అప్పటి గుజరాత్ ముఖ్యమంత్రి నరేంద్ర మోదీ, మన కేజీ బేసిన్‌లో జీఎస్‌పీసీకి 20 లక్షల కోట్ల ఘనపుటడుగుల గ్యాస్ దొరికిందని, దాని విలువ 2.2 లక్షల కోట్ల రూపాయలని ప్రకటించారు. క్షేత్రం అభివృద్ధి ప్రణాళిక దాకా వచ్చేసరికి ఆ నిల్వ పదో వంతుకు దిగింది. కాగ్ తలంటింది. చివరికి 2017లో అందులో 80 శాతం వాటాను ఓఎన్‌జీసీ 7,700 కోట్లకు పైగా పోసి కొనుక్కుంది. రిలయన్స్ కేజీ-డీ6 రోజుకు 80 మిలియన్ ఘనపు మీటర్లు ఇస్తుందన్నారు. 2009లో మొదలై, మరుసటి ఏడాది 60 దాటి, కొన్నేళ్లకే పది లోపుకు పడిపోయింది. తర్వాత కొత్త బావులతో మళ్లీ కొంత పెరిగింది. సముద్రం అడుగున కంటే వేదికల మీదే గ్యాస్ ఎక్కువ దొరికిన రోజులవి. ఇంత పెద్ద పెద్ద మేధావుల అంచనాలు పదింతలు తప్పినా ఎవరి దేశభక్తినీ ఎవరూ శంకించలేదు. ఈ సీజన్‌లో చేప తగ్గిందండీ అని ఒక జాలరి అంచనా చెబితే మాత్రం రుజువేదీ అంటారు, నీ వెనక ఎవరున్నారు అంటారు.

రుజువు వాళ్ల దగ్గరెందుకుంటుంది? తవ్వకముందు ఆ నీళ్లలో ఎంత చేప పడేదో రేవు రేవునా ఏళ్ల తరబడి లెక్క రాయాల్సింది ప్రభుత్వం, రాయించాల్సింది కంపెనీ. ముందు లెక్కే లేకుండా తర్వాత ఎంత తగ్గిందో చూపించమనడం పాత మోసమే. కోనసీమలో కాలుష్యానికి ఓఎన్‌జీసీకి 2022లో జాతీయ హరిత ట్రిబ్యునల్ 22 కోట్లకు పైగా జరిమానా వేసింది. ఆ కేసు నడిచింది కూడా ఊళ్లో ఉన్నవాడు పట్టుబట్టి కోర్టుకెక్కితేనే, ఏ నివేదికా తనంతట తాను తప్పు ఒప్పుకుని కాదు.

కాబట్టి తీరంలో ఉన్నవాళ్లకు ఒక విన్నపం. ఉత్పత్తి బావులకు, పెద్ద ప్రాజెక్టులకు ప్రజాభిప్రాయ సేకరణ ఇంకా మిగిలే ఉంది. పత్రికలో మూలన ఆ ప్రకటన కనబడితే కలెక్టరేటుకు పోయి సారాంశం కాదు, మొత్తం నివేదిక చూపించమనండి. ఊళ్లో ఇంజనీరింగ్ చదివిన పిల్లలతో చదివించండి. మీ రేవు పేరు, మీ పడవల సంఖ్య, నెలనెలా మీకు పడే చేప అందులో ఉన్నాయో లేదో చూడండి, లేకపోతే లేవని రాయండి. సభలో మైకు మీ దాకా రాకపోవచ్చు. రాసిచ్చిన అభ్యంతరానికి కంపెనీ తుది నివేదికలో జవాబు చెప్పాలన్నది నిబంధన. ముప్పై రోజుల గడువుంటుంది. రాసివ్వండి, రసీదు తీసుకోండి.