చిన్న పొట్లమేగా!

‘చిన్న పొట్లం’ అన్న మాటను ప్రభుత్వం వెంటనే నిషేధించాలి. గంజాయి రవాణా కింద కేసు పెట్టినా నాకు అభ్యంతరం లేదు.

మా అమ్మాయి ఎమ్మెస్ చదవడానికి డల్లాస్ వెళుతోందని మేం చెప్పింది ఇద్దరు ముగ్గురికే. ఎవరికీ చెప్పలేదని వాళ్ళు ఇప్పటికీ ఒట్టేస్తున్నారు. అయినా బెజవాడ నుంచి బందరు దాకా మాకున్న చుట్టాలందరికీ తెలిసిపోయింది. పెళ్ళిళ్ళలో ఎదురుపడినా పలకరించని వాళ్ళు ఫోన్లు చేస్తున్నారు. ముందు అమ్మాయి ఏం చదవబోతోందని అడుగుతారు, జవాబు వినరు. తర్వాత నా బీపీ సంగతి అడుగుతారు, అదీ వినరు. ఆ తర్వాత చిన్న దగ్గు. ఆ దగ్గు వినబడిందంటే పొట్లం బయల్దేరిందన్నమాటే.

“ఏం లేదు బావగారూ, మావాడు అక్కడే ఉన్నాడుగా. కాస్త కందిపొడి. అరకేజీ కూడా ఉండదు.”

వాడుండేది న్యూజెర్సీలో. డల్లాస్ నుంచి న్యూజెర్సీకి బెజవాడ నుంచి ఢిల్లీకి ఉన్నదానికంటే ఎక్కువ దూరం. ఆ మాట చెబితే, “ఎంతైనా ఒకే దేశం కదండీ” అంటారు. సాయంత్రం కాలేజీ అయ్యాక మా అమ్మాయి పొట్లం పట్టుకుని నాలుగడుగులు వేస్తే న్యూజెర్సీ, ఆ సందు తిరిగితే కాలిఫోర్నియా అని మావాళ్ళ నమ్మకం.

విమానంవాళ్ళు ఇచ్చేది రెండు పెట్టెలు, ఒక్కోటి 23 కేజీలు. ఖాళీ పెట్టే నాలుగు కేజీలు తూగుతుంది. మిగిలినదాంట్లో బట్టలు, కుక్కరు, పుస్తకాలు, ఆర్నెల్లకి మందులు, మా ఆవిడ పెట్టిన ఆవకాయ పట్టాలి. తూకానికి మా ఇంట్లో మనుషులు బరువు చూసుకునే మిషనే దిక్కు. పెట్టె ఎత్తి పట్టుకుని నేను దానిమీద నిలబడాలి, వచ్చిన అంకెలోంచి నా బరువు తీసేయాలి. నా బరువు 72 అని చెప్పాను. మిషను 79 అంది. మిషను తప్పు చూపిస్తోందన్నాను. “అయితే పెట్టె బరువూ తప్పేగా” అని మా ఆవిడ ఇంకో సీసా మాగాయ సర్దింది.

పొట్లాల్లో బరువున్నవి కొన్ని, బరువే లేవని తెచ్చేవి కొన్ని. మా తోడల్లుడు ఆత్రేయపురం పూతరేకులు తెచ్చాడు. “అన్నయ్యా, చేతిలో పెట్టుకున్నా తెలీదు” అన్నాడు. నిజమే. కానీ వాటిమీద ఏమీ పెట్టకూడదు, వాటిని దేనికిందా దోపకూడదు, పెట్టెను పక్కకి తిప్పకూడదు. అంటే ఆ పెట్టెలో అవి తప్ప ఇంకేమీ ఉండకూడదు. డల్లాస్ చేరేసరికి పొడి అయిపోతాయంటే, “పొడైనా రుచి అదే” అన్నాడు. మరి ఇక్కడే పొడి చేసి ఇవ్వచ్చుగా అని అడగబోతుంటే మా ఆవిడ నా కాలు తొక్కింది. తోడల్లుడంటే ఆవిడ చెల్లెలి మొగుడు.

గుంటూరు నుంచి ఒక అత్తయ్యగారు కోడి పచ్చడి పంపుతానన్నారు. మాంసం పచ్చళ్ళు అక్కడి కస్టమ్స్‌వాళ్ళు రానివ్వరని చెప్పాను. “కోడి అని ఎవరు చెప్పమన్నారు నాయనా, వంకాయ అని చెప్పమను” అన్నారు. చదువుకోవడానికి వెళుతున్న పిల్ల, పరాయి దేశం గడపమీద మొట్టమొదటి మాటే అబద్ధం ఆడాలి. అదీ వంకాయ గురించి.

పైగా ఎయిర్‌పోర్టులో అడుగుతారు, “మీ పెట్టె మీరే సర్దుకున్నారా, ఎవరైనా ఏమైనా ఇచ్చి తీసుకెళ్ళమన్నారా” అని. నిజం చెప్పాలంటే మా అమ్మాయి అక్కడే కుర్చీ వేయించుకుని, అటు ఏడు తరాలూ ఇటు ఏడు తరాలూ చెప్పుకురావాలి.

అన్నట్టు, కరివేపాకు సంగతి చెప్పి తీరాలి. మా పెరట్లో కరివేపాకు చెట్టుంది. దాని రెబ్బ పడకుండా మా ఇంట్లో తిరగమోత వెయ్యరు. నాలుగు రెబ్బలు తడిగుడ్డలో చుట్టి చేతిసంచిలో పెడతానంది మా ఆవిడ. అమెరికాలోకి పచ్చి కరివేపాకు తీసుకెళ్ళకూడదంది అమ్మాయి. ఎందుకు తీసుకెళ్ళకూడదన్నది మా ఆవిడ ప్రశ్న. ఇంట్లో అంతకన్నా అర్జెంటు పనులు సవాలక్ష ఉన్నాయి. అవన్నీ వదిలేసి నేను ఒక రాత్రంతా ఆ ప్రశ్నకు జవాబు చదివాను.

కరివేపాకుది నిమ్మ, నారింజ, బత్తాయిల కుటుంబం. ఆ కుటుంబాన్ని పట్టి పీడించే పురుగొకటుంది, ఒళ్ళంతా కలిపి మూడు నాలుగు మిల్లీమీటర్లు. అది లేత ఆకుల రసం పీలుస్తూ, సిట్రస్ గ్రీనింగ్ అనే తెగులును ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టుకు మోస్తుంది. ఆ తెగులు నయం చేసే మందు లేదు. కాయ సరిగ్గా పండదు, పచ్చిగానే ఉండి, చేదెక్కి, రాలిపోతుంది. 2005లో ఫ్లోరిడాలో బయటపడింది. ఆ తర్వాత ఇరవై ఏళ్ళలో అక్కడి నారింజ దిగుబడి పదో వంతుకన్నా కిందకి పడిపోయింది. తుపానుల పాపం కొంత, ఈ తెగులు పాపం చాలా. ఆ పురుగుకి కరివేపాకంటే పంచప్రాణాలు. అందుకే పరాయి దేశపు పచ్చి రెబ్బకి అక్కడ ప్రవేశం లేదు.

ఇక్కడ కరివేపాకు బతుకేమిటో మీకు తెలుసు. కూరగాయల బండి దగ్గర అది కొసరు. కంచంలో అంచుకి నెట్టేసేది. పని తీరాక ఎవరినైనా పక్కన పెట్టేస్తే, పాపం కరివేపాకైపోయాడని జాలిపడతాం. అదే కరివేపాకు అమెరికాలో దిగితే దాన్ని పసిగట్టడానికి కుక్కలున్నాయి. వేళాకోళం కాదు, నిజం కుక్కలే, బీగిల్ జాతివి. 1984 నుంచి వాటికి తర్ఫీదిచ్చి, పక్కన ఒక ఉద్యోగిని పెట్టి, సామాన్ల మధ్య తిప్పి, పళ్ళూ ఆకులూ మాంసమూ పట్టిస్తున్నారు. అన్నేళ్ళు ఉద్యోగం చేసిన నాకోసం ఏ ఆఫీసులోనూ ఎవరూ ఇంతగా వెతకలేదు.

ఇదంతా ఓపిగ్గా విని మా ఆవిడ, “మన చెట్టుకి పురుగు లేదండీ” అంది. నన్ను పెరట్లోకి లాక్కెళ్ళి ఆకు ఆకూ తిప్పి చూపించింది. ఒక పురుగు కనబడింది.

“ఇది ఆ పురుగు కాదు.”

“నీకెలా తెలుసు?”

“మన పెరట్లోది కదండీ!”

చివరికి ఎండబెట్టి పొడి కొడదామని రాజీ కుదిరింది. పొడి అన్నాక మినప్పప్పు, ధనియాలు, ఎండుమిర్చి, చింతపండు, వెల్లుల్లి వచ్చి చేరాయి. రెబ్బలుగా యాభై గ్రాములుండేది పొడిగా ముప్పావు కేజీ అయి కూర్చుంది. దీనికి అమెరికా వ్యవసాయశాఖవారే బాధ్యత వహించాలి.

నవ్వుతూ చెబుతున్నాను గానీ నాకు నిజంగానే మండుతోంది. ఈ ప్రయాణం ఊరికే జరగట్లేదు. వీసా ఫీజు 185 డాలర్లు, సెవిస్ అని ఇంకోటి 350 డాలర్లు. చిలుకూరు బాలాజీ గుళ్ళో 11 ప్రదక్షిణలు అమ్మాయి చేసింది, వీసా వస్తే 108 అని మొక్కింది మా ఆవిడ, తిరిగింది నేను. అప్పు ఏడున్నర లక్షలు దాటితే ఆస్తి చూపించమన్నారు బ్యాంకువాళ్ళు. ఇంటి కాగితాలు ఇచ్చి వచ్చాం, కరివేపాకు చెట్టుతో సహా. ఆ పెట్టెల్లో ప్రతి కేజీకీ నేను వడ్డీ కడతాను. అందులోంచి అర కేజీ, ముప్పావు కేజీ ఎవరికివాళ్ళు కోసుకుపోతున్నారు. పోనీ అక్కడ దొరకనివా? డల్లాస్‌లో మనవాళ్ళ కొట్లలో గోంగూర అమ్ముతారు, కరివేపాకూ అమ్ముతారు. ఇంతకీ ఆ న్యూజెర్సీ కుర్రాడు ఇక్కడున్నన్నాళ్ళూ కందిపొడి ముట్టిన పాపాన పోలేదు. నాకు లేదనడం బాగా వచ్చు. కానీ ఈమధ్య ఫోను నా చేతికివ్వడం లేదు.

ఆఖరి తూకం అయ్యేసరికి చుట్టాల పొట్లాలన్నీ పెట్టెలో ఉన్నాయి, అమ్మాయి చలికోటు బయట ఉంది. డల్లాస్‌లో చలి ఉండదట కదా అంది మా ఆవిడ. 2021 ఫిబ్రవరిలో టెక్సస్ గడ్డకట్టుకుపోయి లక్షల ఇళ్ళకి కరెంటు పోయిందని చెప్పి, అలాంటప్పుడు ఆవకాయ కప్పుకుంటుందా అని అడిగాను. జవాబు మా ఆవిడ చెప్పలేదు, అమ్మాయి చెప్పింది.

“పర్లేదు నాన్నా. అక్కడ కొనుక్కుంటాలే.”

ఆ మాట వింటే నాకు గుండె గుభేలుమంది. మా పిల్లకి ‘పర్లేదు’ అనడం రాదు. ఉప్మాలో జీడిపప్పు తగ్గితే పంచాయితీ పెట్టే రకం. అలాంటిది ఈమధ్య కాకరకాయ వేపుడు వడ్డించినా మాట్లాడకుండా తింటోంది. కంచం తనే కడిగి బోర్లిస్తోంది. వాళ్ళమ్మ వంద సార్లు చెప్పిన పెళ్ళినాటి కథని మొదటిసారి విన్నట్టు వింటోంది. నాతో కూడా బ్యాంకు మేనేజరుతో మాట్లాడినంత మర్యాదగా మాట్లాడుతోంది. ఉద్యోగానికని ఊరు విడిచేముందు మా అమ్మ దగ్గర నేనూ ఇలాగే ఉండేవాణ్ణి. వెళుతూ వెళుతూ మంచి కొడుకుననిపించుకున్నానని మురిసిపోయాను కూడా. అమ్మకి అప్పుడేమనిపించిందో నేను అడగలేదు. పిల్లలు మనతో పోట్లాడటం మానేశారంటే, సర్దుకోవడం లోపల ఎప్పుడో పూర్తయిందన్నమాట.

మా ఇంట్లో ఏసీ 26లో ఉండాలని నేను, 22లో ఉండాలని తను, ఏసీ కొన్న రోజు నుంచీ యుద్ధం. మొన్న రాత్రి కావాలనే వెళ్ళి 26 పెట్టాను. “పర్లేదు నాన్నా” అంది. 28 చేశాను. దుప్పటి తీసేసి అటు తిరిగి పడుకుంది. ఇక లాభం లేదని ఏసీ మొత్తం ఆపేసి, కరెంటు బిల్లు మీద ఉపన్యాసం అందుకున్నాను.

అప్పుడు లేచింది. ఆరో తరగతిలో నేను సైకిలు కొనివ్వని దగ్గర ఎత్తుకుని, ఇంటర్లో టూరుకి పంపని దాకా పాత బాకీలన్నీ వరసగా తీసింది. నేనూ తగ్గలేదు. మా ఆవిడ వచ్చి ఎవరు ముందు మొదలుపెట్టారో కూడా అడక్కుండా ఇద్దరినీ తిట్టింది. అర్ధరాత్రి దాకా ముగ్గురం అరుచుకున్నాం. కేజీల ఊసే రాలేదు.

“నేను వెళ్ళిపోయాక 30లో పెట్టుకుని పడుకోండి, అడిగేవాళ్ళుండరు!” అంది చివరికి.

దానికి నా దగ్గర జవాబు లేకపోయింది. 22 పెట్టాను.