ఒక గ్రానైట్ ఇన్‌వాయిస్ ఆత్మకథ

నేను ఇన్‌వాయిస్‌ను, పీడీఎఫ్ ఫైలును. పుట్టిల్లు కరీంనగర్‌లో గ్రానైట్ ఎగుమతి చేసే ఆఫీసు కంప్యూటరు. నాకు జంటగా బయల్దేరే రాయికి వ్యాపార లోకంలో పేరు ‘టాన్ బ్రౌన్’. ఆ బ్లాకు క్వారీలో కోతపడి, రైలెక్కి, కాకినాడ రేవు దాటి చైనా చేరేసరికి వారాలు గడుస్తాయి. నేను మాత్రం క్షణంలో చేరతాను. రాయిని ఎత్తుకుపోవాలంటే క్రేను కావాలి. నన్ను ఎత్తుకుపోయేవాడికి ఒక కాపీ చాలు. నేనిక్కడే ఉంటాను కాబట్టి దొంగతనం జరిగిందని కూడా తెలియదు. నా కడుపులో బ్లాకుల కొలతలు, క్యూబిక్ మీటరు ధర, కొనేవాడి పేరు, డబ్బు పడాల్సిన బ్యాంకు ఖాతా నంబరు ఉంటాయి. మొదటి మూడూ బయటపడితే పోటీదారుకు లాభం. ఖాతా నంబరు మారితే మాత్రం సరుకు సొమ్మంతా పోతుంది. అందుకే ఏ యాప్‌లో పంపాలన్నది నా దృష్టిలో రెండో ప్రశ్న. నాకు తాళం వేశారా, దాని చెవిని వేరే దారిలో పంపారా అన్నది మొదటిది.

మా ఫైళ్ల ప్రయాణానికి 1971లో తొలి బాట వేసినవాడు ఐఐటీ కాన్పూర్‌లో చదివిన అభయ్ భూషణ్. ఆయన రాసిన ఎఫ్‌టీపీ ఒకరినొకరు ఎరిగిన పరిశోధకుల కోసం పుట్టింది కాబట్టి పాస్‌వర్డు కూడా ముసుగు లేకుండానే తీగల మీద నడిచేది. క్రోమ్ బ్రౌజరు 2021లో దాన్ని వదిలేసింది. ఈమెయిల్ దారి ఇప్పుడు చాలావరకు భద్రమే కానీ, దొంగ దారిలో కాపు కాయడం మానేసి మెయిల్‌బాక్సులోనే దూరుతున్నాడు. పాస్‌వర్డు కొట్టేసి, బేరసారాలన్నీ చప్పుడు లేకుండా చదివి, సరిగ్గా నేను బయల్దేరే వేళకు నా కవలను పంపుతాడు. ముఖం నాదే, ఖాతా నంబరు వాడిది.

వాట్సాప్ ఉండగా ఇదంతా ఎందుకంటారు. 2016 నుంచి అందులో సందేశాలు పంపినచోట తాళం పడి అందినచోటే తెరుచుకుంటున్న మాట నిజమే. అయితే ఆ తాళం దారికే. చేరిన తర్వాత నేను గుమాస్తా ఫోనులో, ఆఫీసు కంప్యూటరులో తెరిచి వదిలేసిన వాట్సాప్ వెబ్‌లో పడి ఉంటాను. పొరపాటున వేరే గ్రూపులో పడి, చెరిపేలోపే ఎవరైనా నన్ను దాచుకున్నారా, ఇక వెనక్కి గుంజలేరు. సిరిసిల్ల చీర ఫొటో అలా పోతే పోయేదేమీ లేదు. పదిమందీ చూడాలనే కదా పంపేది. ప్రతి కాగితానికీ తాళం అక్కర్లేదు, నాలాంటి వాటికి కావాలి.

డబ్బు కట్టి పేరున్న సేవ తీసుకుంటే సరిపోదా అన్నది ఇంకో మాట. సంస్థలు ఫైళ్లు పంపుకోవడానికే కొనుక్కున్న మూవిట్ అనే సాఫ్ట్‌వేర్‌లో 2023లో దొంగలు లోపం కనిపెట్టి, ప్రపంచమంతటా వేలాది సంస్థల సమాచారం దోచారు. ఫోను నుంచి ఫోనుకు ఫైళ్లు పంచిన షేర్‌ఇట్, జెండర్ యాప్‌లనైతే 2020 జూన్‌లో మన ప్రభుత్వమే నిషేధించింది. అలాగని సేవలన్నీ వృథా అనను. గడువు తీరితే మూసుకునే లింకు, జాబితాలో పేరున్నవారికే తెరుచుకునే తలుపు మంచివే. ఆ తలుపు దగ్గరికి వెళ్లకముందే నాకు తాళం వేయండి. 7-జిప్ ఉచితం, అందులో ఏఈఎస్-256 తాళం ఉంది. అప్పుడు సేవ పగిలినా దొంగకు దొరికేది తెరవరాని పెట్టె. పాస్‌వర్డు మటుకు అదే మెయిల్‌లో కింద రాయకండి, ఫోనులో చెప్పండి.

చిన్న వ్యాపారికి ఇంత తతంగమా అంటే, టెండర్లు వేసేవాళ్లకు ఇది కొత్త కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003లో ఈ-ప్రొక్యూర్‌మెంట్ మొదలైంది. అందుకు కావాల్సిన డిజిటల్ సంతకం టోకెన్ చాలామంది బీరువాలో ఉంది (పిన్‌తో సహా అకౌంటెంటు దగ్గరే ఉందంటే అది వేరే కథ). ఆ సంతకం నా మీద పడ్డాక ఒక్క అంకె మార్చినా అది చెల్లదని, సంతకాన్ని సరిచూసే సాఫ్ట్‌వేర్‌లో పీడీఎఫ్ తెరిచినవాడికి తెలిసిపోతుంది. కాకపోతే కవల అసలు సంతకమే లేకుండా రావచ్చు. కాబట్టి సంతకం లేని ఇన్‌వాయిస్ తమది కాదని కొనేవాడికి ముందే చెప్పి ఉంచాలి.

ఇక నన్ను అందుకునేవారికి ఒక మనవి. ఖాతా మారిందని నా పేరుతో మెయిల్ వస్తే, అందులో ఇచ్చిన నంబరుకు కాకుండా మీ దగ్గర ముందునుంచీ ఉన్న పాత నంబరుకు ఫోన్ చేసి అడగండి.