సూరత్‌లో సెలవు దొరకలేదట!

బరంపురంలో సామాజిక న్యాయంపై సదస్సు పెడితే వేదికకు పేరు వెతుక్కోనక్కర్లేదు. 1894లో ఇక్కడే పుట్టిన వి.వి.గిరి ఉన్నారు. బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికుల సమ్మె నడిపిన మనిషి, తర్వాత రాష్ట్రపతి. (దండ వెయ్యడానికి రెండోదే అనుకూలం.) పట్టుకు పేరుపడ్డ ఊరు గనక సన్మానాలకు కొదవుండదు, నేసినవాళ్లు మాత్రం సభలో కనబడరు.

ఇక ‘వలస కార్మికుడి గొంతుక’ మీద ఒక పత్రం తప్పదు. ఆ గొంతుకేమో ఈ గంజాం జిల్లాలోనే ఎప్పుడో రైలెక్కి, సూరత్ మరమగ్గాల మోతలో పన్నెండు గంటల షిఫ్టు చేస్తోంది. పిలవలేదా అంటే, ఎవరొద్దన్నారు? ప్రతినిధి రుసుము కట్టి రావచ్చు. భోజనం కూపను అందులోనే.