ఎనభై శాతం మర్యాద

కంప్యూటర్ తెరకు కింద కుడిమూల, గడియారం పక్కన, పైకి చూస్తున్న చిన్న బాణం గుర్తు ఒకటి ఉంటుంది. దాన్ని నొక్కితే లోపల దాక్కున్నవాళ్లంతా బయటపడతారు: వాట్సాప్, టెలిగ్రామ్, టీమ్స్, జూమ్. వీటిని పొద్దున్నే ఎవరూ పిలవలేదు. కంప్యూటర్ లేవగానే వాటంతట అవే వచ్చి కూర్చున్నాయి. వచ్చి కూర్చుంటే నాకేం బాధ లేదు, ఒకదాన్నొకటి ఓర్వలేకపోవడమే కొన్నాళ్లుగా నన్ను తొలుస్తోంది. డాలస్ నుంచి కూతురు వీడియో కాల్ చేస్తుంది. తెర మీద నల్లటి గడి, కింద కెమెరాను మరో అప్లికేషన్ వాడుకుంటోందన్న సమాచారం. ఆ మరో అప్లికేషన్ పేరేమిటో మాత్రం అక్కడ ఉండదు. పేరు కావాలంటే సెట్టింగుల్లో ప్రైవసీ, ప్రైవసీలో కెమెరా, కెమెరా పేజీలో అట్టడుగు దాకా వెళ్లాలి. దొంగ పేరు తెలిసినా ఊరవతల బోర్డు మీద రాసి ఊరుకోవడం విండోస్ సంప్రదాయం. ఆ తర్వాత కథ ప్రతి తెలుగింటికీ కంఠస్థమే. "అమ్మా, మ్యూట్‌లో ఉన్నావ్", "లేదే, మాట్లాడుతూనే ఉన్నాగా", "నాన్నకివ్వు", "నాన్నే ఏదో నొక్కారు", చివరికి "ఒకసారి రీస్టార్ట్ చెయ్యండి".

ఈ రీస్టార్ట్ వైద్యం మీద నాకు గట్టి అభ్యంతరం ఉంది. అది పనిచేయదని కాదు, పనిచేస్తుందనే. రీస్టార్ట్ చేస్తే దోషులూ నిర్దోషులూ కలిసి పోతారు, మైకూ కెమెరా కాసేపు ఊపిరి పీల్చుకుంటాయి, మళ్లీ అందరూ కలిసి లేస్తారు. విచారణ ఉండదు. నేరం మాత్రం "ఏదో నొక్కిన" నాన్న ఖాతాలో పడుతుంది. పాపం ఆయన నొక్కింది ఓకే బటన్, అదీ నొక్కమంటేనే. అసలు లోపం ప్రోగ్రాములు రాసే పద్ధతిలోనే ఉంది. ప్రతి మెసెంజరూ ఆ ఇంట్లో తనొక్కతే ఉంటుందన్న ధీమాతో తయారై వస్తుంది.

సాక్ష్యం కావాలంటే సౌండ్ సెట్టింగుల్లో మైకు ప్రాపర్టీస్ తెరిచి, అడ్వాన్స్‌డ్ అన్న చోట చూడండి. ఈ పరికరాన్ని పూర్తిగా చేజిక్కించుకోవడానికి అప్లికేషన్లకు అనుమతి ఇచ్చేలా ఒక టిక్కు మామూలుగా ముందే పెట్టి ఉంటుంది. దాని కిందే ఇంకోటి: అలా చేజిక్కించుకునేవాటికే ప్రాధాన్యం ఇవ్వాలని. వీధి కుళాయి కింద ముందు బిందె పెట్టినవాళ్లవే నీళ్లు, నిండినా తియ్యక్కర్లేదు, పైగా దానికి మున్సిపాలిటీ ముద్ర. ఈ అవకాశాన్ని అన్ని ప్రోగ్రాములూ వాడుకోవు, నిజమే. వాడుకునేది ఒక్కటుంటే చాలు. స్కైప్ బతికున్న రోజుల్లో ఇంకా పెద్ద ఘనకార్యం చేసేది. వెబ్ సర్వర్లకు కేటాయించిన 80, 443 నంబరు పోర్టులను తన రాకపోకల కోసం పట్టుకుని కూర్చునేది. అమీర్‌పేటలో పీహెచ్‌పీ నేర్చుకున్న కుర్రాడు ఇంటికొచ్చి వ్యాంప్ వేసుకుంటే అందులోని అపాచీ వెబ్ సర్వర్ లేచేది కాదు. రాసిన కోడంతా తిరగేసి, ఇన్‌స్టిట్యూట్‌ను నాలుగు తిట్టి, తన తెలివినే అనుమానించుకునేవాడు. దోషి గడియారం పక్కనే ఆన్‌లైన్‌లో వెలుగుతూ ఉండేది. మాట్లాడుకోవడానికి వేసుకున్న ప్రోగ్రాము వెబ్‌సైటు దారికి అడ్డం పడుతుందని ఎవరికి తడుతుంది?

ఇంతకీ 80 శాతం సంగతి చెప్పాలి. విండోస్ 7తో సౌండ్ సెట్టింగుల్లోకి కమ్యూనికేషన్స్ అనే పేజీ వచ్చింది. కంప్యూటర్‌లో ఎవరో మాట్లాడుకుంటున్నారని తోస్తే మిగతా శబ్దాలను ఏం చేయాలన్నది అక్కడి ప్రశ్న. జవాబులు నాలుగు: పూర్తిగా నోరు మూయించడం, 80 శాతం తగ్గించడం, 50 శాతం తగ్గించడం, ఏమీ చేయకపోవడం. మనల్ని అడక్కుండానే రెండో చుక్క నొక్కి ఉంటుంది. ఈ 80 ఎక్కడి లెక్క? 75 అయితే అమర్యాద, 85 అయితే అతి వినయం అని ఎవరు కొలిచారు? ఏ దేశంలో మనిషి మాట్లాడుతుంటే పక్కవాళ్లు గొంతులో అయిదో వంతు మాత్రమే ఉంచుకుంటారో నాకైతే తెలియదు, అది మన దేశం కాదని మాత్రం గట్టిగా చెప్పగలను. మనింట్లో ఫోన్ మోగితే సీరియల్ సౌండు తగ్గదు, ఫోన్‌లో ఉన్నవాళ్లే గొంతు పెంచాలి. పెళ్లిలో అసలైన ముహూర్తం రాగానే గట్టిమేళం అంటాం తప్ప మేళంలో 80 శాతం తగ్గించమనం. అలాంటి కొంపలోకి ఈ మర్యాద చెప్పాపెట్టకుండా దిగింది. అదైనా మాటలు నడుస్తున్నప్పుడే చూపిస్తే సరే. వెనకాల ఏదో మెసెంజర్ మైకు తెరిచి నోరు మెదపకుండా కూర్చున్నా కంప్యూటర్ దాన్ని సంభాషణ కిందే జమకడుతుంది. ఘంటసాల అయిదో వంతుకు దిగిపోతాడు. ఇంటాయన స్పీకర్లు పోయాయనుకుని కొత్తవి కొంటాడు. వాటిలోనూ అయిదో వంతే. షాపువాడి దగ్గరకు తీసుకెళ్తే అక్కడ నిండుగా పాడతాయి, ఎందుకంటే షాపువాడి కంప్యూటర్‌లో ఎవరూ ఎవరితోనూ మాట్లాడటం లేదు. చివరికి మెసెంజర్ల తగాదాలో ఇంటాయన చెవుల డాక్టర్ దాకా వెళ్తాడు.

ఈ తగాదా యాదృచ్ఛికం కాదు, వంశపారంపర్యం. 1999 జూలైలో మైక్రోసాఫ్ట్ ఎంఎస్ఎన్ మెసెంజర్‌ను విడుదల చేస్తూ, దాంట్లోంచే ఏఓఎల్ మెసెంజర్‌లో ఉన్నవాళ్లతోనూ మాట్లాడుకునే వీలు పెట్టింది. ఏఓఎల్ అడ్డుకుంది. మైక్రోసాఫ్ట్ సందు వెతికింది. ఏఓఎల్ ఆ సందు మూసింది. నెలల తరబడి ఇదే. ఆఖరికి తన సొంత ప్రోగ్రాములో ఉన్న లోపాన్నే ఏఓఎల్ గుర్తింపు పరీక్షగా వాడుకుంది: ఆ లోపం ఉంటే మనవాడు, లేకపోతే పరాయివాడు. మైక్రోసాఫ్ట్ అక్కడితో చేతులెత్తేసింది.

ఒక్క ప్రోగ్రామే ఉంచుకుని మిగతావి తీసేయొచ్చుగా అంటారు కొందరు. తీసేయొచ్చు, చుట్టాలంతా ఒకేచోట ఉంటే. కూతురు వాట్సాప్‌లో, కొడుకు ఆఫీసు టీమ్స్‌లో, మనవరాలి సంగీతం క్లాసు జూమ్‌లో ఉంటే ఏ బంధుత్వాన్ని అన్‌ఇన్‌స్టాల్ చేయాలి? అన్నిటినీ కలిపే ప్రోగ్రాము వాడుకోమని ఇంకొందరి సలహా. ట్రిలియన్ 2000లోనే ఆ పని చేసింది, ఏఓఎల్ దాన్నీ మాటిమాటికీ గెంటేసింది. గెయిమ్ అనే ఉచిత ప్రోగ్రాము ఏఓఎల్ పేరు తగాదా పడలేక 2007లో పిడ్గిన్‌గా మారింది. 2005లో గూగుల్ టాక్ అందరికీ తెరిచి ఉన్న పద్ధతిలో మొదలైంది, 2013లో హ్యాంగౌట్స్ రాగానే ఆ తలుపు మూసుకోవడం మొదలుపెట్టింది. భద్రత కోసమే ఈ గోడలన్న వాదనలో కొంత నిజముంది, ఎన్‌క్రిప్షన్ చెడకుండా రెండు సర్వీసులను కలపడం తేలిక కాదు. అయినా ఐరోపా 2022లో చేసిన డిజిటల్ మార్కెట్స్ చట్టం, తాళం చెడకుండానే తలుపు తెరవమని వాట్సాప్ లాంటి పెద్ద సర్వీసులకు చెప్పింది. పైగా సందేశానికి తాళం వేసుకోవడం వేరు, నా మైకు పట్టుకుని వదలకపోవడం వేరు. ఫ్రీగా ఇచ్చినదాని మీద ఫిర్యాదులేమిటనేవాళ్లకు ఒకటే మాట: శనివారం పొద్దుట అరగంట అమ్మ గొంతు వినడానికి అవతల ఒకరు నిద్ర మానుకుంటున్నారు. అది ఫ్రీ కాదు.

ఏఓఎల్ మెసెంజర్ 2017 డిసెంబర్ 15న, యాహూ మెసెంజర్ 2018 జూలై 17న, స్కైప్ 2025 మే 5న మూతపడ్డాయి. ఇప్పుడు వాటి మధ్య ఏ గొడవా లేదు. ఐఎస్‌డీ బిల్లుకు భయపడి గుంటూరు నెట్ సెంటర్లో గంటకింతని కట్టి, మసకబారిన వెబ్‌క్యామ్‌లో మనవడి ముఖం మొదటిసారి చూసినవాళ్లలో చాలామంది కూడా ఇప్పుడు లేరు. వాళ్లు కట్టిన గంటలో చాలా భాగం "వినబడుతోందా?" అని అడగడంలోనే పోయింది. జవాబు రాకముందే టైమ్ అయిపోయిన రోజులూ ఉన్నాయి.

కంపెనీలకు చెప్పి లాభం లేదు గనక సంక్రాంతికి ఇంటికొచ్చే పిల్లలకే నా మనవి. కొత్త మెసెంజర్ వేసి వెళ్లకండి. టాస్క్ మేనేజర్‌లో స్టార్టప్ పేజీ తెరిచి, అక్కడున్న మెసెంజర్లన్నిటినీ డిజేబుల్ చేయండి. కమ్యూనికేషన్స్ పేజీలో నాలుగో చుక్క నొక్కండి. అరిసెలు ఆ తర్వాత.