పొట్ట కింద ఉక్కు

కొత్త ఉంగరం చేయించుకున్నవాడు మాట్లాడినప్పుడల్లా చెయ్యి తిప్పుతాడు. వాచీ కొన్నవాడు అడక్కపోయినా టైము చెబుతాడు. మా కింది ఫ్లాటాయన చేయించిన ఆభరణం చూడాలంటే మాత్రం నేల మీద వెల్లకిలా పడుకోవాలి.

ఆ ఆదివారం నేనింకా పళ్ళు తోముకోలేదు. కాలింగ్ బెల్ కొట్టి, "గురువుగారూ, ఒక్కసారి సెల్లారుకి వస్తారా" అన్నాడు. వెళ్లేసరికి బండి పక్కన పాత పేపరు పరిచి ఉంది. నేను పడుకున్నాను. ఆయన ఫోను టార్చి వెలిగించి, గర్భగుడిలో పూజారి హారతి పళ్ళెం తిప్పినంత నెమ్మదిగా, ముందు చక్రాల నుంచి వెనక చక్రాల దాకా వెలుగు నడిపించాడు. నల్లరంగు కొట్టిన ఇనుప రేకులు నాలుగు, వాటికి మెరిసే బోల్టులు పదహారు.

"ఎలా ఉందండీ?"

"నల్లగా ఉందండీ" అన్నాను. పరగడుపున అంతకంటే కవిత్వం రాదు.

దాని పేరు స్కిడ్ ప్లేటు. ఆటోనగర్లో ఛాంబర్ గార్డు అంటే తెలుస్తుంది. ఇంజను అడుగున ఆయిలు నిలిచే తొట్టిని మన మెకానిక్కులు ఛాంబరంటారు. కొండదారిలో రాయి తగిలి అది పగిలిందా, ఆయిలంతా మట్టిపాలు. తెలియక ఇంకో రెండు మైళ్ళు తోలితే ఇంజను పట్టేస్తుంది. అందుకని పొట్ట కింద ఓ రేకు. రెండో ప్రపంచయుద్ధంలో తిరిగిన విల్లీస్ జీపుకి గేరుబాక్సు వెనక ట్రాన్స్‌ఫర్ కేసు కింద కంపెనీవాళ్ళే ఇలాంటి రేకు వేసి పంపారు. గోతులూ గుట్టలూ దాటాల్సిన సైనికుడికి అది అవసరం. విశాఖలో ఎంవీపీ కాలనీ రైతుబజారుకి వెళ్ళొచ్చే మా కింది ఫ్లాటాయనకి కూడా అవసరమే అనుకోండి, అక్కడ పార్కింగు దొరకడం యుద్ధమే.

అసలు ఈ మోజు వెనక చిన్న చరిత్ర ఉంది. ఒకప్పుడు ఇలాంటి ఫోర్ వీల్ డ్రైవ్ బండ్ల శౌర్యమంతా ముందు వైపు ఉండేది. బంపరు మీద గేదె కొమ్ముల్లా ఇనుప గొట్టాలు బిగించుకునేవారు. 2017 డిసెంబరులో కేంద్రం ఆ బుల్ బార్లు చట్టవిరుద్ధమని రాష్ట్రాలకు రాసింది. గుద్దించుకున్నవాడు చస్తాడు, గుద్దినవాడి ఎయిర్‌బ్యాగు సరిగా విచ్చుకోకపోవచ్చు, అందుకని. కొమ్ములు పోయాయి, పౌరుషం పోతుందా? ట్రాఫిక్ పోలీసు వంగి చూడని చోటికి దిగింది.

ఈ పౌరుషం కంపెనీలకి బాగా అర్థమైంది. ఇప్పుడొచ్చే బుల్లి ఎస్‌యూవీల బ్రోషర్లు తిరగేయండి. "ముందూ వెనకా సిల్వర్ స్కిడ్ ప్లేట్లు" అని ఉంటుంది. వేలితో కొట్టి చూడండి, టక్ టక్‌మంటుంది. ప్లాస్టిక్! బంపరు గడ్డానికి వెండి రంగు పూసిన ప్లాస్టిక్ ముక్క. రాయి సంగతి దేవుడెరుగు, ఫుట్‌పాత్ అంచు తగిలితే రెండు ముక్కలవుతుంది. నాటకంలో భీముడి గదలో కూడా దూదైనా ఉంటుంది, ఇందులో గాలే. మా కింది ఫ్లాటాయన్ని ఒక్క విషయంలో మెచ్చుకోవాలి, ఆయనది నిజమైన ఇనుము. నిజమైన కత్తి కొని కొబ్బరిచిప్ప ముందు పెట్టి దణ్ణం పెట్టుకునే రకం.

వాళ్ళమ్మాయికి సంబంధం మూడు ఆదివారాల్లో కుదిరింది. ఈ రేకుకి మూడు నెలలు పట్టింది. అల్యూమినియమా, ఉక్కా? మీటరు పొడవు, అరవై సెంటీమీటర్ల వెడల్పు, 4 మిల్లీమీటర్ల మందం ఉన్న ఉక్కు రేకు దాదాపు 19 కిలోలు తూగుతుంది. అదే కొలతకి 6 మిల్లీమీటర్ల అల్యూమినియం వేసినా పది కిలోల లోపే. కాని అల్యూమినియం మెత్తన, రాయి దాన్ని కరిచి పట్టుకుంటుంది. ఉక్కు ఆ రాయి మీదే గీరుకుంటూ జారిపోతుంది. జారడం కోసమే కదా దానికా పేరు. పోనీ ఉక్కే అంటే తుప్పు. అల్యూమినియానికి ఉక్కు బోల్టులు వేస్తే ఇంకో తద్దినం: మన సముద్రపు ఉప్పుగాలికి ఆ రెండు లోహాలకీ పడక, బోల్టు చుట్టూ అల్యూమినియం తెల్లగా పొడై రాలుతుంది. ఈ పురాణమంతా మెట్ల మీద, లిఫ్టులో, ఒకసారి ఒకరి పెద్దకర్మ భోజనాల దగ్గర కూడా విన్నాను. చివరికి ఉక్కే నెగ్గింది. ఛాంబరుకొకటి, గేరుబాక్సుకొకటి, ట్రాన్స్‌ఫర్ కేసుకొకటి, డీజిలు ట్యాంకుకొకటి. మొత్తం యాభై కిలోలు పైమాటే. అంటే ఎప్పుడూ ఓ మనిషిని పొట్టకి కట్టుకుని తిరుగుతున్నాడన్నమాట. మా వాచ్‌మన్ ఆర్టీసీ కాంప్లెక్సు దాకా లిఫ్టు అడిగితే, మైలేజీ పడిపోతుందన్నాడట.

"ఉక్కునగరంలో ఉంటూ అల్యూమినియం ఏంటండీ, నామర్దా కాదూ?" అని తన నిర్ణయానికి ముక్తాయింపు ఇచ్చాడు.

ఇక్కడ నాకు నవ్వొచ్చింది. "విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు" అని 1966లో వీధుల్లోకొచ్చి 32 మంది ప్రాణాలు పోగొట్టుకుంటే, 1971లో ఇందిరాగాంధీ పునాదిరాయి వేస్తే వచ్చిన కర్మాగారం మనది. అందులో వచ్చేది ఇళ్ళకి వేసే ఊచలు, తీగచుట్టలు, యాంగిళ్ళు, ఛానెళ్ళు, దూలాలు. అన్నీ పొడుగు సరుకే. పలకలూ రేకులూ అక్కడ చుట్టరు. ఆయన పొట్ట కింద బిగించిన విశాఖ పౌరుషం ఏ రూర్కెలా నుంచో ఏ భిలాయి నుంచో లారీలో వచ్చి ఉంటుంది. ఆ సంగతి చెప్పాను. "అయినా బిగించింది గాజువాకలోనే కదండీ" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు.

నిజానికి ఈ ఊళ్ళో పొట్ట కింద రేకు లేకుండా తిరుగుతున్న పెద్ద బండి ఆ కర్మాగారమే. దేశంలో పెద్ద ఉక్కు కంపెనీలకి సొంత ఇనుప గనులున్నాయి, దీనికి లేవు. ఖనిజం ధర పెరిగినప్పుడల్లా రాయి నేరుగా ఛాంబరుకే తగిలింది. ఖనిజం ఎక్కడో లేదు. బైలదిల్లా కొండల నుంచి అనంతగిరి సొరంగాల మీదుగా కిరండూల్ లైను వేసింది 1960లలో. ఆ ఖనిజాన్ని మన రేవులో ఓడలెక్కించి జపానుకు పంపడానికే వేశారు. మన గుమ్మం ముందు నుంచే పోయే సరుకు మనం కొనుక్కోవాలి. 2021 జనవరిలో ఈ బండిని మొత్తం అమ్మేద్దామని ఢిల్లీలో సూత్రప్రాయంగా ఒప్పేసుకున్నారు. 2025 జనవరిలో రూ. 11,440 కోట్లు ప్రకటించారు. ఆయిలంతా కారిపోయాక పోసిన ఆయిలు అది. గార్డు ఎప్పుడు వేస్తారో మేస్త్రిని అడగాలి.

మేస్త్రంటే గుర్తొచ్చింది. రేకులు బిగించేరోజు మా కింది ఫ్లాటాయన సాక్షిగా నన్నూ తీసుకెళ్లాడు. ఆటోనగర్లో గ్రీజు పట్టిన లుంగీ, చెవి మీద సగం కాలిన బీడీ. బండి జాకీ మీద లేపి కింద దూరాడు. కింద నుంచే మాట్లాడాడు, మనిషి కనపడడు, ఆకాశవాణి.

"బాబూ, ఛాసిస్‌కే పట్టించాల. ఇంజనుకి పట్టిస్తే రాయి దెబ్బ ఇంజనుకే తగుల్తాది. ఇంకేటి గార్డు?"

"అలాగే చెయ్యండి."

"బోల్టు తలకాయలు బయటికుండకూడదు. రాయి గీరీసిందనుకో, అరిగిపోతాయి. రేపు ఇప్పాలంటే గ్యాసు కటింగే."

"సరే."

"సైలెన్సరుకి తగలకుండా సందు వొదిలీయాల. ఎండుగడ్డి ఇరుక్కుందనుకో, అంటుకుంటాది. ఆయిలు మార్చడానికి ఇక్కడో బొక్క ఎట్టాల."

ఇక్కడ మావాడు అడ్డుపడ్డాడు. "బొక్క వద్దు. బలం తగ్గిపోతుంది."

చక్రం పక్క నుంచి మేస్త్రి తల బయటికొచ్చింది. కాసేపు ఆయన వంక, కాసేపు నా వంక చూశాడు. "ఇంతకీ ఎక్కడికెల్తారేటి బాబూ?"

"అంటే... ఆఫ్ రోడింగు."

"అదే, ఎక్కడికి?"

"లంబసింగి."

"లంబసింగికి బస్సెల్తాది కదా" అని మళ్ళీ కిందికి దూరాడు.

రేకులు బిగిశాక కొలిచారు. కంపెనీ లెక్కలో నేలకీ బండికీ మధ్య 226 మిల్లీమీటర్లు. ఇప్పుడు రెండు వందలు. నేల తగలకూడదని వేసిన రేకు బండిని నేలకి మరో అంగుళం దగ్గర చేసింది. మేస్త్రి ఈ లెక్క చెప్పి బీడీ ముట్టించాడు. మావాడు అది వినలేదు, ఫొటో తీసుకుంటున్నాడు.

మొదటి యాత్ర ఆర్కే బీచి నుంచి భీమిలి దాకా. ఆ దారిలో రాయి దొరకాలంటే ఎవరైనా విసరాలి. అందుకని ఒకచోట ఇసకలోకి దింపాడు. అది చలికాలం. రాత్రిళ్ళు ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు ఆ ఇసకలోకే పాక్కుంటూ వచ్చి గుడ్లు పెట్టిపోతాయి. అటవీశాఖవాళ్ళు దొరికినవి ఏరి కంచె వేసి పొదిగిస్తారు, దొరకనివి ఇసక కిందే ఉంటాయి. తాబేలుకి దేవుడు అడుగున డిప్ప ఇచ్చాడు. అది స్కిడ్ ప్లేటులకి మూలపురుషుడు. ఇంజనీరింగు కాలేజీలు పుట్టకముందే, మందరగిరి మునిగిపోతుంటే కింద పట్టిన రేకు కూర్మావతారం. గుడి కూడా ఉంది శ్రీకూర్మంలో. తల్లికి డిప్ప ఉంది గాని, గుడ్డుకి లేదు. నాలుగు చక్రాలూ తిప్పుకుంటూ దాని మీద నుంచి వెళ్ళేవాడికి తన పొట్ట కింద యాభై కిలోల ఉక్కు ఉంది కాబట్టి ఏమీ తగల్లేదు. దిగబడి, ట్రాక్టరు కట్టి లాగించుకుని ఇంటికొచ్చి, రెండు గంటలు కింద నీళ్ళు కొట్టాడు, ఉప్పు పట్టకుండా. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నారు పెద్దలు. ఈయన తొక్కకపోయినా కడుగుతాడు.

రెండో యాత్రకి నన్ను ఎక్కించుకున్నాడు. నర్సీపట్నం దాటాక ఘాటు. అసలా దారికో కథ ఉంది. చాలీచాలని కూలికి మన్యం మనుషుల్ని కొరడాలతో అదిలించి, బాస్టియన్ అనే దొరతనపు డిప్యూటీ తహసీల్దారు వేయించిన దారి అది. ఆ కసే రాజుకుని 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు చింతపల్లి పోలీసు స్టేషను మీద పడడానికి ఒక కారణమైంది. అలాంటి దారి ఇప్పుడు నల్లగా, నున్నగా, తెల్లగీతలతో ఉంది. మావాడు ఫోర్ వీల్ లీవరు వేశాడు. "ఎందుకండీ?" అంటే, "ఉంది కదండీ" అన్నాడు. వెనక నుంచి సర్వీసు జీపొకటి, లోపల పదిమంది, టాపు మీద కోళ్ళ గంప, వెనక మెట్టు మీద ఇద్దరు, హారను కొట్టి మమ్మల్ని దాటుకుపోయింది.

చింతపల్లిలో టీకి ఆగితే అదే జీపు అక్కడుంది. అలవాటైపోయింది కదా, వంగి కింద చూశాను. ఛాంబరు కింద ఓ రేకు ఉంది. మీద చెరిగిపోయిన అక్షరాలు. తారు డబ్బాని చీల్చి, సుత్తితో సాగదీసి, రెండు ఇనుప పట్టీలతో బిగించారు. లోతట్టు ఊళ్ళకి తిప్పుతాడట ఆ డ్రైవరు. "మా ఊరి రోడ్డుకొచ్చిన డబ్బాయే సారూ" అన్నాడు. "రోడ్డు రెండో వానకి గెడ్డలో ఎల్లిపోనాది. డబ్బా మిగిలింది." దెబ్బలు తిని తిని ఆ రేకు లొట్టలు పడి అప్పడంలా ఉంది. రోడ్డు ఆగిపోయిన చోట జీపూ ఆగిపోతుంది, అక్కడి నుంచి జబ్బు మనిషైతే డోలీ. డోలీకి అడుగున రేకుండదు, రెండు జతల కాళ్ళుంటాయి. మావాడు ఆ రేకుని చూసి, "మందం సరిపోదండీ" అని టీ గ్లాసు కింద పెట్టాడు.

ఇంతకీ రాయి ఎక్కడ తగిలిందో చెప్పలేదు. ముందు నా సంగతి. పన్నెండేళ్ళ చిన్న కారు నాది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్కలో స్పీడ్ బ్రేకరు ఎత్తు పది సెంటీమీటర్లు, వెడల్పు 3.7 మీటర్లు ఉండాలి. మా వీధి మొదట్లో రాత్రికి రాత్రి ఎవరో వేసినదానికి ఎత్తు మాత్రమే ఉంది, వెడల్పు గడపంత. దాని మీదే నా ఛాంబరు చిట్లింది. అక్కడి నుంచి మా గేటు దాకా నల్లగా ఆయిలు చార, ముగ్గు గీసినట్టు. అదే మేస్త్రి ఓ పాత రేకు ముక్క కోసి ఎనిమిది వందలకి వేశాడు. బొక్క పెట్టాడు కూడా. నా బండి సెల్లారు ర్యాంపు ఎప్పుడూ దిగదు, నిట్రం ఎక్కువని వీధిలో వేపచెట్టు కిందే ఉంటుంది.

మావాడి బండికి మాత్రం అదే ర్యాంపు తగిలింది. రేకులు బిగించాక తగ్గిన అంగుళం అక్కడ బయటపడింది. దిగినప్పుడోసారి, ఎక్కినప్పుడోసారి, కర్రుమని దుక్కి దున్నినట్టు ర్యాంపు అంచు లేచిపోయింది. ఆయన పేపరు పరుచుకుని కిందికి దూరి, గీత చూసి, మురిసిపోయి, ఫొటో తీసి "లంబసింగి ఘాట్" అని రాసి అందరికీ పంపాడు. తర్వాత మొదటి ఆయిలు మార్పు వచ్చింది. పదహారు బోల్టులూ విప్పబోతే, భీమిలి ఉప్పుకి ఐదు పట్టేశాయి. గ్యాసు కటింగే అయింది.

పోయిన నెల అపార్టుమెంటు అసోసియేషన్ మీటింగు పెట్టారు. ర్యాంపు పాడైంది, ఏం చేద్దామని. సిమెంటు నిలవదు, ఇనుప రేకు పరిపించడమే మేలని మా కింది ఫ్లాటాయనే సలహా ఇచ్చాడు. 6 మిల్లీమీటర్లది, ఉక్కే. ఖర్చు ఫ్లాటుల వారీగా సమానంగా పంచారు. నా వంతు పన్నెండు వందలు.